స్వేచ్ఛా మార్కెట్ ఆలోచనాపరులు: ధర చెప్పేది, చెప్పనిది

స్వేచ్ఛా మార్కెట్ అనగానే చాలామందికి లాభాపేక్ష, ప్రైవేటీకరణ అనే రెండు మాటలే గుర్తుకు వస్తాయి. హయెక్‌పై ప్రశ్న ఇచ్చినప్పుడల్లా ఎక్కువ జవాబు పత్రాలు ఈ రెండింటి చుట్టూనే తిరగడం నేను చూశాను. నిజానికి ఆయన ప్రధాన వాదం లాభం గురించి కాదు, సమాచారం గురించి. ఈ తేడా గ్రహిస్తే ఆ వాదానికి బలం ఎక్కడుందో, లోపం ఎక్కడుందో మీరే చెప్పగలుగుతారు.

ప్రణాళికపై విమర్శ

చర్చ 1920లో మొదలైంది. ఉత్పత్తి సాధనాలన్నీ ప్రభుత్వం చేతిలో ఉంటే వాటికి మార్కెట్ ఉండదు. మార్కెట్ లేకపోతే ధర ఉండదు. ధర లేకుండా ఏ పద్ధతిలో ఖర్చు తక్కువో లెక్కించడం ఎలా అని ఆస్ట్రియా అర్థశాస్త్రవేత్త లుడ్విగ్ వాన్ మీసెస్ ప్రశ్నించారు. ఆస్కార్ లాంగే వంటి సోషలిస్టు అర్థశాస్త్రవేత్తలు దీనికి గట్టి జవాబే ఇచ్చారు. ప్రణాళికా సంఘమే ధరలు ప్రకటించి, కొరత వస్తే పెంచుతూ, మిగులు కనబడితే తగ్గిస్తూ పోవచ్చు కదా అన్నారు.

ఫ్రెడరిక్ హయెక్ 1945లో ప్రచురించిన 'సమాజంలో జ్ఞాన వినియోగం' అనే వ్యాసం ఈ చర్చను మరో దారి పట్టించింది. లెక్క కట్టడం కాదు కష్టం, లెక్కకు కావలసిన సమాచారం ఏ ఒక్కచోటా లేకపోవడమే అసలు చిక్కు అని ఆయన వాదం. ఏ చేనులో తేమ ఎంత ఉంది, ఏ లారీ ఖాళీగా తిరిగి వస్తోంది, ఏ యంత్రం త్వరలో మొరాయించబోతోంది అన్నవి అక్కడున్న మనిషికే తెలుస్తాయి. నివేదిక రాసి రాజధానికి పంపేలోగా అవి మారిపోతాయి. కొన్నింటిని అసలు రాయడమే కుదరదు.

ఇందుకు ఆయన తగరాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. ఎక్కడో ఒక గని మూతపడినా, తగరానికి కొత్త ఉపయోగం పుట్టినా దాని ధర పెరుగుతుంది. కారణం తెలియకపోయినా ప్రపంచమంతటా తగరం వాడేవాళ్లు పొదుపు చేస్తారు, బదులు మరో లోహం వెతుక్కుంటారు. ఎవరూ ఆదేశించలేదు, ఎవరికీ మొత్తం సంగతి తెలియదు. అయినా సర్దుబాటు జరిగిపోతుంది. ధరను ఒక వార్తగా చూడటమే ఇక్కడ కొత్త సంగతి. హయెక్ మిగతా రచనలన్నీ మరుగున పడినా ఈ ఒక్క వ్యాసం నిలుస్తుందని నా అభిప్రాయం.

అయితే ఆ వార్తలో రెండు లోపాలున్నాయి. ధర ఇవాళ్టి సంగతి చెబుతుంది గానీ రేపటిది కాదు. ఈ ఏడు మిర్చికి మంచి ధర పలికితే వచ్చే ఏడు అందరూ మిర్చే వేస్తారు, ధర పడిపోతుంది. మీరు సూక్ష్మ అర్థశాస్త్రంలో చదివిన సాలెగూడు సిద్ధాంతం ఇదే. రెండో లోపం ఇంతకంటే తీవ్రమైనది. చేతిలో డబ్బున్నవాడి అవసరమే ధరలో నమోదవుతుంది. 1943లో బెంగాల్‌లో ఆహార లభ్యత 1941 కంటే తక్కువేమీ కాదని అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో చూపారు. వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు కొనే శక్తి కోల్పోయారు. వాళ్ల ఆకలి ఏ ధరలోనూ కనబడలేదు.

హయెక్ ఈ సంగతి ఎరగనివారు కాదు. సంపన్న సమాజం అందరికీ కనీస జీవన భద్రత కల్పించవచ్చని 1944లోనే రాశారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో పేదలకు నేరుగా నగదు చేరేలా 'రుణాత్మక ఆదాయపు పన్ను'ను ప్రతిపాదించారు. తర్వాత వాళ్ల పేర్లు చెప్పి విధానాలు రూపొందించిన పాలకులు చాలామంది ఈ పేజీలు తిప్పకుండా దాటేశారు.

భారతదేశంలో

రెండో పంచవర్ష ప్రణాళిక (1956–61) ముసాయిదాపై అభిప్రాయం చెప్పడానికి ప్రభుత్వం అర్థశాస్త్రవేత్తల ప్యానెల్ వేసింది. సభ్యుల్లో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే 1955లో అసమ్మతి పత్రం రాశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివిన ఆయన చెప్పింది సూటి సంగతి: పొదుపును మించి పెట్టుబడి పెట్టి, తేడాను లోటు ద్రవ్యంతో పూడ్చుకుంటే ధరలు పెరుగుతాయి, వాటిని అదుపు చేయడానికి ఇంకా నియంత్రణలు వస్తాయి. ప్రణాళికలో లోటు ద్రవ్యం 1,200 కోట్ల రూపాయలుగా నిర్ణయించారు. 1957 నాటికి విదేశీ మారకద్రవ్య సంక్షోభం వచ్చింది, దిగుమతులపై ఆంక్షలు బిగుసుకున్నాయి. ఫ్రీడ్‌మన్ కూడా 1955లోనే వచ్చి నియంత్రణలు సడలించమని భారత ప్రభుత్వానికి పత్రం ఇచ్చి వెళ్లారు. ఎవరూ పట్టించుకోలేదు.

1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా. ఆయనను హయెక్ శిష్యుడిగా చూడటం సరికాదు. ఆ ఏడాది నాగపూర్‌లో కాంగ్రెస్ చేసిన సహకార సేద్యం తీర్మానాన్ని సొంత కమతం దున్నుకునే రైతు పక్షాన ఆయన ఎదిరించారు. ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి, 1974లో మరో పార్టీలో కలిసిపోయింది. లైసెన్సు విధానం మాత్రం 1991 జులై దాకా సాగింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలకు మినహా దాన్ని రద్దు చేసింది. అందుకు తక్షణ కారణం సిద్ధాంతం కాదు, ఖాళీ అయిన మారకద్రవ్య నిల్వలు.

చిలీ విషయానికొస్తే, షికాగోలో చదివిన అర్థశాస్త్రవేత్తలు అక్కడి సైనిక పాలనలో సంస్కరణలు అమలు చేశారు. 1982లో బ్యాంకులు కూలడంతో అదే ప్రభుత్వం వాటిలో చాలావాటిని తన అధీనంలోకి తీసుకోవలసివచ్చింది. ఆర్థిక స్వేచ్ఛ ఉంటేనే రాజకీయ స్వేచ్ఛ నిలుస్తుందన్న ఫ్రీడ్‌మన్ వాదానికి ఈ ఉదాహరణ ఏమంత బలం ఇవ్వదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీకు దగ్గరలోని రైతు బజారుకు ఉదయాన్నే వెళ్లండి. అక్కడ బోర్డుపై ధరలు రాసేది అధికారులు. టోకు ధరకు కొంత పైన, బయటి చిల్లర ధరకు కొంత కింద ఉండేలా నిర్ణయిస్తారు. బయట మార్కెట్టే లేకపోతే ఆ బోర్డుపై ఏ అంకె రాయాలి? లాంగే ఏమంటారో, హయెక్ ఏమంటారో పది వాక్యాల్లో రాయండి.