ఊరకుండుట ఎప్పుడు మంచిది?

మౌనాన్ని గురించి మన పెద్దలు రెండు విధాలుగా చెప్పారు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు" అని ఒక సామెత. "అడగందే అమ్మయినా పెట్టదు" అని మరొకటి. ఈ రెండూ నిజమే. ఏది ఎక్కడ చెల్లుతుందో గ్రహించడానికి ఒమాన్ దేశాన్ని చూద్దాము.

ఒమాన్‌లోని సోహార్ పట్టణంలో 1970ల మధ్యకాలంలో నార్వేకు చెందిన మానవశాస్త్రజ్ఞులు ఉన్ని వికన్, ఫ్రెడ్రిక్ బార్త్ దంపతులు ఉండి పరిశోధన చేశారు. ఆమె గ్రంథం 1982లోను, ఆయన గ్రంథం 1983లోను వెలువడ్డాయి. అక్కడివారి మర్యాద వారిద్దరినీ ఆకర్షించింది. ఇరుగుపొరుగు స్త్రీలు కలిసి కూర్చున్నప్పుడు మాటలు లేకుండానే చాలాసేపు గడిచేది. అది వారికి వెలితిగా తోచేది కాదు. ఎదుట లేనివారిని గురించి చెడుగా మాట్లాడితే, మాట్లాడినవారికే గౌరవం తగ్గుతుందని వారి భావన. ఎవరి నడతకు వారే బాధ్యులు. ఇతరులను దిద్దబోవడం కంటే, పదిమందిలో తాము చక్కగా మెలగడమే ముఖ్యమని వారు తలచేవారు.

ఒమాన్‌వారి కాఫీ మర్యాద కూడా చెప్పుకోదగినది. ఏలకులు వేసిన కాఫీని పిడిలేని చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా పోస్తారు. ఖర్జూరాలు పెడతారు. ఇక చాలు అనుకున్న అతిథి గిన్నెను అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇస్తాడు. నోటితో వద్దనవలసిన పని లేదు. రాజ్య వ్యవహారాలలో కూడా ఒమాన్‌కు ఇటువంటి పేరే ఉన్నది. 2012, 2013 సంవత్సరాలలో అమెరికా, ఇరాన్ ప్రతినిధులు రహస్యంగా మాట్లాడుకున్నది అక్కడే. గుట్టు కాపాడగలిగిన ఇల్లు కనుకనే ఇద్దరూ ఆ గడప తొక్కారు.

ఇది గౌరవం ఇచ్చే మౌనం. మాట్లాడగలిగి కూడా ఎదుటివారి కోసం మాట ఆపుకోవడం ఇందులోని గొప్ప.

అదే ఒమాన్‌లో మరొక మౌనం కూడా ఉన్నది. అది మనవారిది. గోదావరి జిల్లాలనుండి, కడప నుండి స్త్రీలు ఇంటిపనికి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలనుండి పురుషులు కట్టడాల పనికి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. ఏజెంటుకు కట్టిన డబ్బు చాలామందికి అప్పు. జీతం ఆగినా ఇంటికి ఫోను చేసి "బాగున్నాను" అంటారు. సెలవుకు వచ్చేటప్పుడు అత్తరు, బట్టలు తెస్తారు. ఊరివారు ఆ సంచులను చూస్తారు, వెనుకనున్న అప్పును చూడరు. యజమాని దగ్గర నోరు మెదపకపోతే "మౌనం అర్ధాంగీకారం" అవుతుంది. ఒమాన్‌లో పాత యజమాని అనుమతి పత్రం లేనిదే మరొక పనికి మారరాదన్న నిబంధనను 2021 జనవరి 1 నుండి తొలగించారు. భారత ప్రభుత్వం 2015లో విదేశాలలోనివారి ఫిర్యాదులకు మదద్ అనే ఏర్పాటు చేసింది. కాని నోరు విప్పనివారికి ఏ ఏర్పాటూ అక్కరకు రాదు.

ఈ మౌనం మనకు కొత్త కాదు. కోరంగి రేవు నుండి, మద్రాసు నుండి మారిషస్ చేరిన మన ముత్తాతలు గుమాస్తా ముందు తమ పేరు చెప్పారు. అతడు తనకు వినబడినట్లు వ్రాసుకున్నాడు. చాలా కుటుంబాలలో ఆ ఒక్క పేరే తరువాతివారికి ఇంటిపేరయింది. అసలు ఇంటిపేరు మరుగున పడింది. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసిన కూలీ కూడా తన ఫొటో ఉన్న టిక్కెట్టు వెంట ఉంచుకోవలసి వచ్చింది. తాము ఎవరో లోకానికి చెప్పుకునే పని వారి చేతిలో లేకపోయింది. తోటలో పడిన కష్టాలను వారు పిల్లలకు కూడా చెప్పలేదు. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు భయపడ్డారు.

కనుక మన తెలుగు తరగతులలో పిల్లలకు రెండూ నేర్పుదాము. పరుల తప్పులు ఎంచవలసి వచ్చినప్పుడు ఊరకుండడం నేర్పుదాము. తమకు అన్యాయం జరిగినప్పుడు మర్యాద తప్పకుండా అడగడమూ నేర్పుదాము. ఇంటిలో వృద్ధులు ఉన్నవారు ఈ వారమే వారి దగ్గర కూర్చుని ముత్తాత ఊరు, ఇంటిపేరు అడిగి వ్రాసుకోవాలి. వారు వెంటనే చెప్పకపోతే తొందరపెట్టక, కాసేపు పక్కనే కూర్చోవాలి.