కురవకము – గోరంట, గోరింట

కాళిదాస కావ్యములను బోధించునపుడు కురవకమునకు 'గోరింట' అని అర్థము చెప్పుట పరిపాటి. విద్యార్థి ఆ మాట విని, చేతులకు పెట్టుకొను గోరింటాకునే తలచుకొనును. ఈ అన్వయము ఎంతవరకు యుక్తమో విచారింపవలసియున్నది.

లోకవ్యవహారమున గోరంట, గోరింట అను పదములు కలగలిసిపోయినవి. వృక్షశాస్త్ర దృష్టితో ఇవి రెండు వేర్వేరు కుటుంబములకు చెందిన పొదలు. గోరింట 'లాసోనియా ఇనెర్మిస్'. దీని పూవులు మిక్కిలి చిన్నవి, నాలుగు రేకులు కలవి, సామాన్యముగా తెల్లనివి లేదా లేతపసుపువి. ఆయుర్వేదజ్ఞులు దీనిని మదయంతికగా గుర్తింతురు. గోరంట అడ్డసరపు కుటుంబములోని 'బార్లీరియా'. ఈ జాతిలో పసుపు పూల ముళ్ళగోరంట 'బార్లీరియా ప్రయొనైటిస్'. ఊదా, గులాబి, తెలుపు వన్నెలతో పూయునది 'బార్లీరియా క్రిస్టాటా'. ఇవి రెండును భారతదేశమున సహజముగా పెరుగునవి. లిన్నేయస్ ఈ మూడు పొదలకును 1753లో శాస్త్రీయనామము లొసగెను.

అమరసింహుడు వనౌషధి వర్గమున వర్ణభేదమును బట్టి నామభేదమును చెప్పెను. ఎఱ్ఱనిది కురవకము, పచ్చనిది కురంటకము, నీలిది బాణము. ఒకే తెగలో ఇట్టి వర్ణవైవిధ్యము గోరంటకు చక్కగా పొసగును, గోరింటకు పొసగదు. మాళవికాగ్నిమిత్రము తృతీయాంకములోని వసంతవర్ణనమున కురవకము నలుపు, తెలుపు, ఎఱుపు కలసిన వన్నె గలదిగా కనిపించును. ఇదియు గోరంట పక్షమునే బలపఱచుచున్నది. ఉత్తరమేఘమున మాధవీమంటపమునకు కురవకము కంచెగా నున్నది. అయితే గోరంట, గోరింట రెండును కంచెకు తగినవే కావున ఈ ప్రమాణము నిర్ణాయకము కాదు. అదే కావ్యమున అలకాపుర స్త్రీలు కురవకమును కొప్పున ధరింతురు. విడిపూవుగా కొప్పున నిలుచుటకు గోరింట కంటె గోరంటయే తగియున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపము కలదు. ఆరు ఋతువుల పూవులు ఒక్కచోట చేరిన ఆ శ్లోకమున కురవకమును వసంతపుష్పముగా మల్లినాథసూరి వ్యాఖ్యానించెను. క్రిస్టాటా ప్రధానముగా పూయునది శరద్ధేమంతములలో. కావున కురవకము ఈ ఉపజాతియేయని నిశ్చయించుట తొందరపాటగును. తెగను నిర్ణయించుట వేరు, ఉపజాతిని నిర్ణయించుట వేరు.

అందుచేత బోధనయందు 'ఎఱ్ఱగోరంట' అని చెప్పి, అది గోరింటాకు కాదని స్పష్టపఱచుట మేలు. ఒక్క అక్షరభేదమును ఉపేక్షించినచో కవి చూచిన పూవు ఒకటి, విద్యార్థి ఊహించిన పూవు మఱొకటి యగును.