వేగమా? వివేకమా?

ఎత్తునకు పైయెత్తు వేయుటయే చదరంగమునకు ప్రాణము. ఎదుటివాని పైయెత్తులను ముందుగా ఊహింపగలవాడే నేర్పరి. అట్లయినచో, సెకనుకు కోట్లకొలది అమరికలను చూడగల కంప్యూటరు వేగము పెరిగినకొలది అంత బాగుగా ఆడునని చెప్పవచ్చునా?

మొదట లెక్క చూతము. పావులున్న అమరికను 'స్థితి' యందము. ఆట నడుమ ఒక్కొక్క స్థితియందు వేయదగిన ఎత్తులు సుమారు 35 ఉండును. మన యెత్తును, ఎదుటివాని పైయెత్తును కలిపి చూచినచో 1,225 స్థితు లేర్పడును. ఇరువురును రెండేసి యెత్తులు వేసినచో అవి 15 లక్షలు, మూడేసి వేసినచో 183 కోట్లు దాటును. కావున అన్నిటిని చూడబోయెడి యంత్రమునకు పదిరెట్లు వేగము హెచ్చినను, అది మరియొక్క యెత్తు దూరమైనను పూర్తిగా చూడజాలదు.

అందుచే శాస్త్రజ్ఞులు వ్యర్థశ్రమను తగ్గించు ఉపాయమును కనుగొనిరి. మనకు ఇదివరకే ఒక మంచి యెత్తు దొరకినదనుకొనుడు. మరియొక యెత్తును పరీక్షింపగా, ఎదుటివాడు ఒక్క పైయెత్తుతో మన మంత్రిని ఊరకయే చంపునని తేలినది. ఇక అతని తక్కిన పైయెత్తులను చూడనేల? ఆ యెత్తును విడిచిపెట్టుటయే మేలు. దీనిని ఆల్ఫా-బీటా పద్ధతి యందురు. ఎత్తులను మిక్కిలి మంచి క్రమమున పరిశీలించినచో, పై 183 కోట్లకు మారుగా లక్షలోపు స్థితులతోనే పని నెరవేరవచ్చును. ఫలితము మాత్రము మారదు.

వేగము నిరర్థకమని తలపరాదు. 1996లో ఐ.బి.ఎం. సంస్థవారి డీప్ బ్లూ యంత్రము ప్రపంచ విజేతయైన గారీ కాస్పరోవ్ చేతిలో 4-2 తేడాతో ఓడినది. 1997లో న్యూయార్కు నగరమున అదియే సెకనుకు 20 కోట్ల స్థితులను చూచుచు 3½-2½ తేడాతో గెలిచినది. అయితే నడుమ హెచ్చినది వేగ మొక్కటియే కాదు; గ్రాండుమాస్టరుల సహాయముతో స్థితి మంచిచెడ్డలను తూచు జ్ఞానమును గూడ దానికి పెంపొందించిరి.

2017లో మరియొక వింత జరిగినది. డీప్‌మైండ్ సంస్థవారి ఆల్ఫాజీరో తనతో తానే నాలుగు కోట్లకు పైగా ఆటలాడి చదరంగము నేర్చినది. అది సెకనుకు చూచునవి 80 వేల స్థితులు మాత్రమే. దాని ప్రత్యర్థియైన స్టాక్‌ఫిష్ 7 కోట్లు చూచుచుండెను. అయినను 100 ఆటలలో ఆల్ఫాజీరో 28 గెలిచి, 72 సమము చేసి, ఒక్కటియు ఓడలేదు. అది నడచినవి ప్రత్యేక యంత్రములే యైనను, చూచిన స్థితుల సంఖ్యయే బలమునకు కొలత కాదని దీనివలన తేటపడినది. 2020లో స్టాక్‌ఫిష్ కర్తలును అభ్యాసముచే స్థితిని తూచు నూతన విధానమును చేర్చిరి. సెకనుకు చూచు స్థితులు తగ్గెను, ఆటబలము హెచ్చెను.

గంట కొట్టకముందే జవాబుపత్ర మిచ్చి వెడలిన విద్యార్థులను నేను పెక్కుమందిని చూచితిని. వారిలో ప్రశ్నను సరిగా చదివినవారికి వేగము వరమైనది. చదువనివారికి తప్పులను త్వరగా చేయుటకే తోడ్పడినది. ఏది చూడవలయునో, ఏది విడువవలయునో తెలిసిన పిమ్మటనే వేగము బలమగును.