కుట్లు పూర్తికాకముందే ఒక్క చూపు

మాట్లాడుతుండగానే మాట ముద్దగా వస్తుంది. చేతిలోని గ్లాసు జారిపోతుంది. లేదా ఒక కన్ను కాసేపు కనపడదు. పది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. నీరసమేమోనని ఇంట్లోవాళ్లు మజ్జిగ తాగించి పడుకోబెడతారు. నిజానికి అది రాబోయే పక్షవాతానికి (స్ట్రోక్‌కు) హెచ్చరిక కావచ్చు. హైదరాబాద్‌లోని వెంగళరావు నగర్‌ వాళ్లకు పంజాగుట్ట నిమ్స్, జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. ‘రేపు చూద్దాంలే’ అనుకుంటేనే ముప్పు.

మెడకు ఇరువైపులా మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమనులుంటాయి. బీపీ, షుగర్, పొగతాగడం వల్ల అవి రెండుగా చీలేచోట కొవ్వు పేరుకుంటుంది. అందులోంచి చిన్న తునక ఊడి పైకి కొట్టుకుపోయినా మెదడులో కొంత భాగం దెబ్బతింటుంది. ఆ పూడికను తీసే ఆపరేషన్‌ను 1953లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైఖేల్ డెబేకీ విజయవంతంగా చేశారు. దాని విలువ తేల్చింది 1991లో ఉత్తర అమెరికాలో వెలువడిన పరిశోధన. లక్షణాలు కనిపించి, నాళం 70 శాతానికి మించి ఇరుకైనవారిలో రెండేళ్లలో అదేవైపు స్ట్రోక్ వచ్చినవాళ్లు మందులతోనే ఉన్నప్పుడు 26 శాతం, ఆపరేషన్ చేసినప్పుడు 9 శాతం.

అయితే స్ట్రోక్‌ను ఆపడానికి చేసే ఈ ఆపరేషనే ఒక్కోసారి స్ట్రోక్ తెచ్చిపెడుతుంది.

సర్జన్ ధమనికి రక్తం ఆపే క్లాంపులు వేసి, నిలువుగా కోసి, గోడకు పట్టిన పాత సున్నం పెచ్చును ఒలిచినట్టు పూడికను ఒలుస్తారు. తర్వాత ప్యాచ్ పెట్టి కుడతారు. అంతా బాగుందనిపించే ఈ దశలోనే మూడు లోపాలు మిగిలిపోవచ్చు. పై అంచున లోపలి పొర లేచి రెపరెపలాడవచ్చు. గోడలోని సన్నటి నాళాల నుంచి ఊరిన రక్తం గడ్డకట్టవచ్చు. కుట్టు బిగిసి దారి ఇరుకు కావచ్చు. పైనుంచి చేత్తో తాకితే నాడి బాగానే కొట్టుకుంటుంది, లోపలి గడ్డ మాత్రం వేలికి అందదు.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో రాస్ నేలర్ బృందం 1990లలో ఈ సమస్యనే పట్టుకుంది. చివరి కుట్లు వేసేముందు, క్లాంపులు తీయకుండానే, సన్నని కెమెరా గొట్టాన్ని ధమనిలోకి పంపి చూశారు. శుభ్రంగా కడిగామనుకున్న నాళంలోనూ కొందరికి గడ్డలు కనిపించాయి. రక్తం వదలకముందే వాటిని తీసేశారు. కణత మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి, మెదడుకు చేరే తునకల చప్పుడునూ విన్నారు. ఆపరేషన్ సమయంలో వచ్చే స్ట్రోకులు బాగా తగ్గాయి.

కెమెరా ఒక్కటే మార్గం కాదు. క్లాంపులు తీశాక ధమని మీదే డ్యూప్లెక్స్ అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించి రక్తవేగం చూడొచ్చు. రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయొచ్చు. 2023 నాటి యూరప్ వాస్క్యులర్ సర్జన్ల మార్గదర్శకాలు కూడా ఇలాంటి తనిఖీని పరిగణించాలంటున్నాయి. కనిపించిన ప్రతి చిన్న పొరకూ నాళాన్ని మళ్లీ తెరిస్తే అదీ ప్రమాదమే. ఏది వదిలేయాలో, ఏది సరిచేయాలో తేల్చడంలోనే అనుభవం తెలుస్తుంది. క్లాంపులు తీసే వరసా ముఖ్యమే. మెదడుకు వెళ్లే కొమ్మను చివర్లో వదిలితే, మిగిలిన గాలీ చెత్తా ముఖం వైపు కొమ్మలోకి పోతాయి.

మన దగ్గర మరో సంగతీ ఉంది. నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నడిపిన హైదరాబాద్ స్ట్రోక్ రిజిస్ట్రీలో, మెడలోకన్నా తలలోపలి నాళాల పూడికే ఎక్కువగా కనిపించింది. అందుకే స్కాన్లు సరిగ్గా చూడకుండా మెడ ఆపరేషన్‌కు తొందరపడకూడదు. నిజంగా అవసరమైతే, లక్షణాలు కనిపించిన 14 రోజుల్లోపు చేస్తేనే మేలు ఎక్కువ.

సంతకం పెట్టేముందు కుటుంబసభ్యులు సర్జన్‌ను మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగాలి. ఇప్పటిదాకా మీరు చేసిన ఆపరేషన్లలో స్ట్రోక్, మరణం కలిపి ఎంత శాతం? లక్షణాలున్నవారిలో అది 6 శాతం దాటకూడదు. కుట్టిన నాళాన్ని ఆపరేషన్ టేబుల్ మీదే దేనితో పరీక్షిస్తారు? లోపం కనిపిస్తే అప్పటికప్పుడు ఏం చేస్తారు?