కీళ్లవాపు – పసుపు – జన్యు నిశ్శబ్దీకరణం

"దుగ్గిరాల పసుపు అందుబాటులో ఉండగా కీళ్లవాపునకు వేరే మందెందుకు?" అని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పాఠకులు నన్ను తరచుగా అడుగుచుందురు.

మన ఆమవాతమునకు దగ్గరగా ఉండే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌లో, శరీరమును కాపాడవలసిన రక్షకకణములే కీళ్లపై తిరగబడును. వాటి జన్యువునుండి ఆర్.ఎన్.ఏ. అనే తాకీదు వెలువడగా, దాని ప్రకారము టి.ఎన్.ఎఫ్. అనే, వాపును పెంచే ప్రోటీను తయారగును. ఆ తాకీదును దారిలోనే చింపివేయుటయే జన్యు నిశ్శబ్దీకరణం. సుమారు 21 అక్షరముల ఆర్.ఎన్.ఏ. తునకను కణములోనికి పంపినచో, కణయంత్రాంగమే దానికి సరిపోలిన తాకీదును వెదకి ఖండించును. జన్యువు మాత్రము చెక్కుచెదరదు. 1998లో ఈ మర్మమును వెల్లడించిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి లభించినది.

చిక్కంతా చేరవేతలోనే ఉన్నది. రక్తములో ఆ తునక త్వరగా నశించును. క్రొవ్వు బుడగలలో పెట్టి పంపిన, అధికభాగము కాలేయమునకే చేరును. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఈ తరహా తొలి ఔషధము పటిసిరాన్ పనిచేయునది అక్కడనే. ఆమవాతమునకు అటువంటి ఔషధము ఇంకను రాలేదు. పైగా టి.ఎన్.ఎఫ్.ను అతిగా అణచినచో, లోపల అణగియున్న క్షయ తిరగబెట్టవచ్చును.

పసుపులోని కుర్కుమిన్ కూడ ప్రయోగశాలలో కణములపై ఇటువంటి సంకేతములను తగ్గించినది. కాని తిన్నదానిలో రక్తమునకు చేరునది అత్యల్పము. పాలలో చిటికెడు వేసుకొనుటకు నాకు ఆక్షేపణ లేదు. దానిని నమ్మి, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము రూపొందించిన మెథోట్రెక్సేట్‌ను వైద్యుని అడుగక మానినచో, నొప్పి తగ్గినట్లున్నను కీలులోని ఎముక లోలోపల తినివేయబడవచ్చును. ఆ మాత్ర ఈ వ్యాధికి వారమునకు ఒక్కనాడే వేసుకొనవలసినది. నిత్యము వేసుకొనిన ప్రాణాపాయము.