ఒలీవియాకు ఏ పీట వేయాలి?

షేక్‌స్పియర్ హాస్యనాటకం 'ట్వెల్త్ నైట్'లో ఒలీవియా వేషం కట్టిన మార్క్ రైలాన్స్ 2013లో లండన్‌లో ఒలీవియర్ అవార్డుకు ఉత్తమ నటుడి విభాగంలో నామినేట్ అయ్యారు. మరుసటి ఏడాది అదే వేషాన్ని న్యూయార్క్‌లో టోనీ అవార్డులవాళ్లు సహాయ నటుల వరుసలో కూర్చోబెట్టారు. అక్కడ దక్కలేదు, ఇక్కడ దక్కింది. నాటకం అదే, దర్శకుడు టిమ్ కారలే. మరి ఈ వేషం పెద్దదా, చిన్నదా?

కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఓడ మునిగి ఒడ్డుకు చేరిన వయోలా మగవేషం వేసుకుని, సిజారియో అన్న పేరుతో ఆర్సినో ప్రభువు కొలువులో చేరుతుంది. ఆయన ప్రేమ రాయబారం మోసుకుని ఒలీవియా ఇంటికి వెళుతుంది. అన్న పోయిన దుఃఖంలో ఏడేళ్లు ముసుగు తీయనని పట్టుబట్టిన ఆ దొరసాని, రాయబారినే చూసి మనసు పారేసుకుంటుంది. ఆ ఇంట్లోనే తాగుబోతు బంధువు, దొంగ ఉత్తరం నమ్మి నవ్వులపాలయ్యే పెత్తందారు మల్వోలియో, ఆ ఉత్తరం రాసిన పనిమనిషి మరియా. ఇందులో నాయిక ఎవరంటే వయోలా అనేవాళ్లే ఎక్కువ. కానీ ఒక్కరి భుజాల మీద నడిచే కథ కాదిది.

టోనీ లెక్క వేరు. పోస్టర్ మీద నాటకం పేరుకు పైన ఎవరి పేరు ఉంటే వాళ్లు ప్రధాన నటులు, కింద ఉంటే సహాయ నటులు. కమిటీ తలచుకుంటే ఆ వరుస మార్చవచ్చు. ఆ ఏడాది వయోలాగా నటించిన శామ్యూల్ బార్నెట్ ప్రధాన విభాగంలో నిలిచారు. సహాయ నటుల ఐదు పేర్లలో మూడు ఈ నాటకానివే: ఒలీవియా రైలాన్స్, మల్వోలియో స్టీఫెన్ ఫ్రై, మరియా పాల్ చాహిదీ. తమాషా ఏమిటంటే ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. యజమానురాలు, పెత్తందారు, పనిమనిషి ఒకే బహుమతికి పోటీపడితే, యజమానురాలు పట్టుకుపోయింది!

ఇంతకీ రైలాన్స్ ఏం చేశారు? ముఖానికి తెల్లటి పూత, ఒంటి మీద నేలను తాకే నల్లటి గౌను. పాదాలు కనిపించవు. గౌను కింద చిన్నచిన్న అడుగులు గబగబా వేస్తుంటే, మనిషి నడుస్తున్నట్టు కాక చక్రాల మీద జారుతున్నట్టు ఉండేది. పైన అంత హుందాతనం, కింద అంత కంగారు. సిజారియో ఎదురుపడగానే మాట తడబడుతుంది, అప్పటిదాకా బిగబట్టిన గాంభీర్యం జారిపోతుంది. నవ్వు అక్కడ పుడుతుంది.

ఇది అతి అన్నవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. అంత నవ్వులో అన్నను పోగొట్టుకున్న దుఃఖం కాస్త వెనక్కి పోయే ప్రమాదం ఉన్నమాట నిజం. కానీ ఈ నవ్వు పైనుంచి అతికించింది కాదు. దుఃఖాన్ని గొళ్లెం పెట్టి దాచుకున్న మనిషికి తలుపు సందులోంచి ప్రేమ దూరితే ఎలా ఉంటుందో, అది.

రెండో తగువు ఇంకా గట్టిది. వేషాలన్నీ మగవాళ్లకే ఎందుకు? 1602 ఫిబ్రవరి 2న లండన్ మిడిల్ టెంపుల్ హాల్లో ఈ నాటకం ఆడినట్టు జాన్ మానింగ్‌హామ్ అనే న్యాయ విద్యార్థి డైరీలో ఉంది. నాలుగు వందల ఏళ్లకు, 2002లో, గ్లోబ్ థియేటర్ బృందం అదే హాల్లో ఈ ప్రదర్శనను మొదలుపెట్టింది. ఆనాటి పద్ధతిలో చేతితో కుట్టిన దుస్తులు, అందరూ మగవాళ్లే. ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు రంగస్థలం ఎక్కింది 1660 నుంచే కదా అన్నది వాదన. అయితే ఆ రోజుల్లో ఆడవేషాలు వేసింది కుర్రాళ్లు. న్యూయార్క్‌లో ఆడేనాటికి రైలాన్స్‌కు యాభై దాటాయి. కాబట్టి పాత పద్ధతి అన్న ముద్ర ఇక్కడ పూర్తిగా అతకదు. అసలే తక్కువగా ఉండే స్త్రీ పాత్రలు నటీమణుల చేజారుతున్నాయన్న ఫిర్యాదూ న్యాయమైనదే. రైలాన్స్ గ్లోబ్ సారథిగా ఉండగా 2003లో 'రిచర్డ్ ది థర్డ్', 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' నాటకాలను అందరూ ఆడవాళ్లతోనే ఆడించారన్నది కూడా తూకంలో వేయాలి.

స్థానం నరసింహారావు సత్యభామ గురించి, వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం గురించి విన్న తెలుగువాళ్లకు మగవాడు ఆడవేషం కట్టడం వింతేమీ కాదు. తేడా మరోచోట ఉంది. స్థానంవారి గొప్పతనం లోపలి మగవాణ్ని ప్రేక్షకుడు మరిచిపోవడంలో ఉండేది. ఈ నటులు నాటకానికి ముందే వేదిక మీద, అందరి కళ్లముందు వేషం వేసుకున్నారు. మగవాడని చూపించి మరీ ఒలీవియాను నమ్మించాలి.

నా మటుకు ఒలీవియా ప్రధాన పాత్రే, వయోలా కూడా. ఎదుట వయోలా బిత్తరపోయి నిలబడకపోతే ఒలీవియా కంగారుకు నవ్వు రాదు. ఈ ప్రదర్శనను 2012లో గ్లోబ్‌లో చిత్రీకరించారు. అందులో వయోలా జానీ ఫ్లిన్. దొరికితే ఒలీవియా ముసుగు తీసే దృశ్యాన్ని రెండుసార్లు చూడండి, మొదటిసారి రైలాన్స్‌ను, రెండోసారి ఫ్లిన్‌ను.