జోరీగల కాలంలో స్వారీ: గుర్రానికి తగిన రగ్గు ఎంపిక

ఈగలను తోలుకునే ఏర్పాట్లు గుర్రానికి పుట్టుకతోనే ఉన్నాయి. చర్మం కిందనే పరచుకొని ఉండే పలుచని కండరపు పొర ఈగ వాలిన చోటును చప్పున వణికించి దాన్ని లేపేస్తుంది, తోక వెనుక భాగాన్నీ తొడలనూ కాస్తుంది, జూలు మెడను, నుదుటి జుట్టు కళ్లను కొంతవరకు కప్పుతాయి, అప్పటికీ పోని ఈగలను గుర్రం తల వెనక్కి తిప్పి నోటితో తరుముతుంది, కాలు నేలకేసి కొట్టి కడుపు కింద చేరినవాటిని విదిలించుకుంటుంది. మేత మైదానంలో రెండు గుర్రాలు తలాతోకగా పక్కపక్కనే నిలబడి ఒకదాని మొహం మీది ఈగలను మరొకటి తోకతో తోలడం కూడా తరచు కనిపించే దృశ్యమే. రౌతు జీను వేసి ఎక్కిన క్షణం నుంచి ఈ సాధనాల్లో చాలా భాగం గుర్రానికి దక్కకుండా పోతుంది. పగ్గాలు చేతిలో ఉన్నంతసేపు తల పక్కకు తిప్పే వీలుండదు, జీను పక్కన కుడుతున్న ఈగ వైపు నోరు సాచినా, నడక మధ్యలో ఆగి కాలు కొట్టినా అది మొండితనంగా లెక్కకు వస్తుంది. ఈ కారణం చేతనే స్వారీ సమయంలో ఈగల నుంచి రక్షణ కల్పించడాన్ని రౌతు దయకు వదిలిపెట్టకుండా అతని బాధ్యతల్లో ఒకటిగా పరిగణించవలసి ఉంటుంది.

ఈ అవసరం బాగా తెలిసిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడ గుర్రాలు పెంచుకునేవారిలో అధికులు పోటీల కోసం గాక, అడవి బాటల్లో, పొలాల వెంట, పల్లె రోడ్ల మీద తీరుబడిగా స్వారీ చేయడానికే వాటిని పెంచుతారు. ఆ స్వారీకి అనువైన వేసవి నెలలే జోరీగలకు కూడా అనువైన కాలం కావడంతో, పలుచని జాలీ బట్టతో కుట్టిన ‘ఫ్లై రగ్గు’ అక్కడి గుర్రపుశాలల్లో సాధారణ వస్తువైంది. పేరుకు రగ్గే అయినా దీనికి వెచ్చదనంతో సంబంధం లేదు. దోమతెరను గుర్రం ఒంటికి సరిపడేలా కత్తిరించి కుట్టినట్లు ఉంటుంది. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది మైదానంలో మేసే గుర్రానికి తొడిగేది; ఛాతీ ముందు, పొట్ట కింద, కొన్నింటిలో వెనుక కాళ్ల చుట్టూ కూడా పట్టీలు ఉంటాయి. రెండోది స్వారీ కోసమే తయారైనది. జీనుకూ రౌతు కాళ్లకూ చోటు వదిలి కత్తిరించిన ఈ రగ్గు జీను పట్టీలకు తగులుకొని వెన్ను, పిరుదులు, పక్కలను కప్పుతుంది, మెడను కప్పే భాగం కళ్లేనికి గాని జూలు వెంట గాని బిగుస్తుంది, గాలికి లేవకుండా తోక కింద నుంచి ఒక తాడు వెళ్తుంది. మైదానపు రగ్గు మీద జీను వేసి ఎక్కితే సరిపోతుందనుకోవడం ప్రమాదకరం. జీను కింద మడతలు పడిన బట్ట వీపును ఒరిపిడికి గురిచేయడమే గాక జీనునే జారేలా చేయగలదు.

ఎంపిక రగ్గుతో గాక ఈగతో మొదలు కావాలి. గుర్రాన్ని వేధించే కీటకాలన్నీ ఒకే జాతివి కావు. వాటి పరిమాణం, అవి తిరిగే వేళ, వాలే చోటు వేరువేరు కావడం వల్ల ఒకదాన్ని ఆపే రగ్గు మరొకదాన్ని ఆపలేకపోవచ్చు. స్వారీలో అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేవి జోరీగలు. వీటిలో మగవి పూల మకరందంతో బతుకుతాయి. రక్తం కావలసింది గుడ్లు పెట్టవలసిన ఆడ ఈగకే. దోమ సూదిలాంటి నోటితో రక్తం పీలుస్తుంది గాని, జోరీగ కత్తుల్లాంటి నోటిభాగాలతో చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది, అందుకే ఆ కాటు అంత మంట పుట్టిస్తుంది. బ్రిటన్‌లో సుమారు 30 జాతుల జోరీగలు ఉన్నాయి. ‘క్లెగ్’ అని పిలిచే బూడిదరంగు జాతి సెంటీమీటరు పొడవు మాత్రమే ఉండి చప్పుడు లేకుండా వచ్చి వాలుతుంది, అతి పెద్ద జాతి దాదాపు రెండున్నర సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఎండ బాగా కాసే, గాలి లేని పగటి వేళలు వీటికి ఇష్టమైన సమయం. దుడుకు నడక అందుకున్న గుర్రాన్ని సైతం వెంబడించే శక్తి వీటికుంది.

నుసుముల తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు మించని ఈ రక్తపాయి కీటకాలు తెల్లవారుజామున, సందెవేళ గుంపులుగా లేస్తాయి. బలహీనంగా ఎగిరేవి కాబట్టి కొద్దిపాటి గాలి వీచినా నేలకు దిగిపోతాయి. వీటి లాలాజలంలోని ప్రోటీన్లకు కొన్ని గుర్రాల శరీరం అతిగా స్పందించడం వల్ల జూలు వెంట, తోక మొదట్లో తట్టుకోలేని దురద పుట్టి, చెట్లకూ కంచెలకూ రుద్దుకొని చర్మం పుండ్లు పడుతుంది. ఆ వ్యాధిని బ్రిటన్‌లో ‘స్వీట్ ఇచ్’ అంటారు. ఇటీవలి దాకా నుసుములు లేని ఐస్‌లాండ్‌లో పుట్టి పెరిగి ఇతర దేశాలకు ఎగుమతి అయిన గుర్రాలకు ఈ వ్యాధి చాలా ఎక్కువగా రావడం పశువైద్యులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతి. తెలుగు ప్రాంతాల్లో వానాకాలంలో గొర్రెలకు నీలినాలుక వ్యాధిని మోసుకువచ్చేవి కూడా ఈ కుటుంబపు కీటకాలే. ఇవి గాక పశువుల కొట్టాల దగ్గర పెరిగి కాళ్లనూ పొట్టనూ కుట్టే ఈగలు, కంటి తడి కోసం మొహం మీద ముసిరే ఈగలు, ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ప్రసిద్ధి చెంది, తోక కింది మెత్తని చర్మం మీద పీతలా పక్కకు పాకుతూ గుర్రాలను బెదరగొట్టే చదునైన ఈగ ఉన్నాయి.

ఈ తేడాల నుంచి ఒక ఆచరణాత్మకమైన నిర్ణయం వెలువడుతుంది. నుసుములను ఆపాలంటే జాలీ కన్నాలు అతి సన్నగా ఉండాలి, కాని కన్నాలు సన్నగిల్లిన కొద్దీ గాలి ఆడటం తగ్గుతుంది. కదులుతున్న గుర్రాన్ని నుసుములు అంతగా అందుకోలేవు కనుక, పగటి వేళ స్వారీకి వెళ్లే గుర్రానికి కొంచెం పెద్ద కన్నాలున్న, గాలి ధారాళంగా ఆడే జాలీయే మేలు. సన్నని అల్లికను మైదానంలో నిలిచి మేసే వేళలకూ, దురద వ్యాధి ఉన్న గుర్రాన్ని సందెవేళ మెల్లగా నడిపించే సందర్భాలకూ ఉంచుకోవడం ఉచితం. ఎక్కువ రక్షణ ఇస్తుందన్న నమ్మకంతో దళసరి బట్టను కొనడం ఈ విషయంలో తరచు జరిగే పొరపాటు. గుర్రం సాధారణ ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, పరుగులో కండరాలు పుట్టించే వేడిలో అధిక భాగాన్ని అది చెమట ఆవిరి కావడం ద్వారానే వదిలించుకుంటుంది. తీవ్రమైన శ్రమలో గంటకు 10 లీటర్లకు పైగా చెమట పోయగల జంతువు మీద చెమట ఆరనివ్వని బట్ట కప్పితే, ఈగల బాధ తప్పించబోయి వడదెబ్బకు దారితీయవచ్చు. అందువల్ల వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో వేగంగా పరుగు తీయించాలనుకుంటే, పిరుదులను మాత్రమే కప్పే చిన్న రగ్గుతో సరిపెట్టుకోవడం, లేదా స్వారీ వేళనే మార్చుకోవడం మంచిది.

రంగు, నమూనా విషయంలో గత కొన్ని సంవత్సరాల పరిశోధనలు ఆసక్తికరమైన సమాచారం ఇచ్చాయి. కాంతి ఒక నునుపైన తలం మీద పడి పరావర్తనం చెందినప్పుడు దాని తరంగాలు ఒకే దిశలో కంపించేలా మారడాన్ని ధ్రువణం అంటారు. నీటి ఉపరితలం నుంచి వచ్చే అలాంటి కాంతిని బట్టి జోరీగలు నీటి తావులను గుర్తిస్తాయి, ముదురు రంగు గుర్రపు నిగనిగలాడే ఒళ్లు కూడా వాటిని అదే విధంగా ఆకర్షిస్తుంది. హంగరీ శాస్త్రవేత్త గాబోర్ హోర్వాత్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం తెల్ల గుర్రాల మీదికి జోరీగలు తక్కువగా రావడానికి కారణం ఇదే. ఆ తర్వాత 2019లో టిమ్ కారో, మార్టిన్ హౌ తదితర శాస్త్రవేత్తలు ఇంగ్లండ్‌లో గుర్రాలకు నల్లని, తెల్లని, జీబ్రా చారల బట్టలను మార్చిమార్చి తొడిగి చూసినప్పుడు, చారల బట్ట మీద వాలిన జోరీగలు మిగతా రెండింటి కన్నా చాలా తక్కువగా ఉన్నాయి. అక్కడే గమనించిన అసలు జీబ్రాల సమీపానికి కూడా ఈగలు గుర్రాల దగ్గరికి వచ్చినంతగానే వచ్చాయి, కాని వాలే ముందు వేగం తగ్గించుకోలేక దాటిపోవడమో తగిలి ఎగిరిపోవడమో జరిగింది. అదే ప్రయోగంలో బట్ట లేని తల మీద మాత్రం మూడు సందర్భాల్లోనూ ఈగలు ఒకే విధంగా వాలాయన్న సంగతి మరింత గమనించదగినది. రగ్గు ఏ రంగుదైనా అది కప్పిన మేరకే కాపాడుతుంది. బజారులో కనిపించే జీబ్రా చారల రగ్గులు వేషం కోసం పుట్టినవి కావని దీన్ని బట్టి చెప్పవచ్చు. చారలది దొరకనప్పుడు లేత రంగులో, మెరుపు లేని బట్టను ఎంచుకోవాలి, నల్లగా నిగనిగలాడే బట్టను మానుకోవాలి.

తర్వాతి విషయం కొలత. బ్రిటన్‌లో ఛాతీ మధ్య నుంచి పక్క వెంబడి పిరుదు చివరి వరకు కొలిచి అడుగులు, అంగుళాల్లో చెబుతారు, పరిమాణాలు మూడేసి అంగుళాల తేడాతో పెరుగుతాయి. ఐరోపా ఖండపు తయారీదారులు చాలామంది మూపు నుంచి తోక మొదలు వరకు ఉన్న వెన్ను పొడవును సెంటీమీటర్లలో ఇస్తారు. ఈ రెండు పద్ధతులను కలగలిపి కొంటే రగ్గు తప్పకుండా పొసగదు. బిగువైన రగ్గు భుజాల దగ్గర ఒరిపిడి పుట్టించి అడుగు కురచ చేస్తుంది, వదులైనది పక్కకు జారి కాళ్లకు తట్టుకుంటుంది. తొడిగిన తర్వాత గుర్రాన్ని నడిపించి, ముందుకాలు పూర్తిగా సాచినప్పుడు భుజం మీద బట్ట లాగుతున్నదా, తల కిందికి వంచినప్పుడు మెడ భాగం మూపును నొక్కుతున్నదా అన్నవి చూడాలి. రౌతు మడమ, పిక్క గుర్రం పక్కకు నేరుగా తగలడం స్వారీకి ప్రాణం వంటిది కనుక, అక్కడ బట్ట అడ్డుపడే నమూనా ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. రికాబు గాని జోడు గాని చిక్కుకునే ఉచ్చులూ వేలాడే పట్టీలూ ఉండకూడదు.

తలకు వేరే ఏర్పాటు కావాలి. చెవులకు అల్లిక టోపీ, కళ్లకు స్వారీ కోసమే తయారైన పలుచని ముసుగు, ముక్కుకు చిన్న జాలీ విడివిడిగా దొరుకుతాయి. మైదానంలో వాడే దళసరి ముసుగుతో గుర్రాన్ని చెట్ల నీడలోకో ముళ్లకంప పక్కకో తీసుకువెళ్తే దాని చూపు మందగించి తడబడే ప్రమాదముంది. తల విదిలించే గుర్రాలన్నీ ఈగల వల్లనే అలా చేస్తాయనుకోకూడదు. మొహపు నరం అతిగా స్పందించడం వల్ల తల విదిలించే వ్యాధి ఒకటుంది, ముక్కు జాలీ వాటిలో కొన్నింటికి ఉపశమనం ఇస్తుంది, కాని నిర్ధారణ పశువైద్యుడే చేయాలి.

ఉష్ణదేశాల్లో ఈ కీటకాల ప్రశ్న కాటు మంటతో ఆగదు. బ్రిటిష్ పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో కనుగొన్న సూక్ష్మజీవి సర్రా వ్యాధికి కారణమని తేలింది. ఆ రోగాన్ని ఒక జంతువు నుంచి మరొకదానికి చేర్చేది ప్రధానంగా జోరీగల నోటికంటిన రక్తమే. తెలుగు రాష్ట్రాల రైతులకు ఈ వ్యాధి గేదెల ద్వారా పరిచితమైనదే. నుసుములు వ్యాపింపజేసే ఆఫ్రికన్ గుర్రపు వ్యాధి 2020లో థాయ్‌లాండ్‌లో ప్రబలి వందల గుర్రాలను బలిగొన్నప్పుడు, శాలలకు సన్నని వలలు కట్టడం అక్కడి ముఖ్యమైన రక్షణ చర్యల్లో ఒకటైంది.

రగ్గు కొన్న రోజునే తొడిగి స్వారీకి బయలుదేరడం తగదు. గుర్రం అదిరిపడే జంతువు, వీపు మీద గాలికి రెపరెపలాడే బట్టను అది వేటాడే మృగంగా భావించినా ఆశ్చర్యం లేదు; అందువల్ల మొదట బట్టను మడిచి వాసన చూడనిచ్చి, తర్వాత ఒంటి మీద పరచి, రౌతు లేకుండా చేత్తో పట్టి నడిపించి, ఆ పైన కంచె కట్టిన ఆవరణలో మాత్రమే ఎక్కి అలవాటు చేయాలి. దారిలో రగ్గును సర్దవలసి వస్తే దిగి సర్దాలి. పోటీల్లో పాల్గొనేవారు ఏది అనుమతించబడుతుందో నిర్వాహకుల నియమావళిలో చూసుకోవడం అవసరం. మోటారు బండ్లు తిరిగే రోడ్లపై స్వారీ చేసేవారికోసం మెరిసే పసుపు రంగు అంచులున్న రగ్గులు దొరుకుతున్నాయి. బ్రిటన్ రహదారి నియమావళి 2022లో మారినప్పటి నుంచి గుర్రాన్ని దాటే వాహనం గంటకు 10 మైళ్లకు మించని వేగంతో, కనీసం 2 మీటర్ల ఎడంగా వెళ్లాలని సూచిస్తున్నది గాని, డ్రైవరుకు గుర్రం దూరం నుంచే కనిపించినప్పుడే అది అమలు కాగలదు.

కొన్ని రగ్గుల బట్టకు పెర్మెత్రిన్ అనే కీటకనాశినిని ముందుగానే పట్టించి అమ్ముతారు, కొందరు స్వారీకి ముందు అదే మందును చల్లుతారు. దాన్ని గుర్రం ఒంటి మీద చిన్న చోట పరీక్షించిన తర్వాతే వాడటం, చెమటతో తడిసిన చర్మం మీద చల్లకపోవడం క్షేమం. పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం, చేపలకూ నీటి పురుగులకూ విషం. కాబట్టి అలాంటి రగ్గును పిల్లులు పడుకునే గడ్డివాము మీద ఆరవేయకూడదు, వాగులో ఉతకకూడదు. మందు లేని రగ్గును మాత్రం ప్రతి స్వారీ తర్వాత మంచినీళ్లతో జాడించి చెమట ఉప్పు పోగొట్టి, అతుకుల దగ్గర బట్ట గరుకెక్కిందేమో, ఆ చోట గుర్రం వెంట్రుకలు రాలాయేమో చూసి, నీడలో ఆరబెడితే సరిపోతుంది.